మిట్టమధ్యాహ్నం డప్పు

ఎండ చూడడానికి ఎండాకాలంలో ప్రయాణం కట్టినవాళ్లు మా వంశంలో నాకు ముందు ఎవరూ లేరు. కాశీకి వెళ్లినవాళ్లున్నారు, ఊటీకి వెళ్లినవాళ్లున్నారు. నేను మాత్రం మే నెలలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తిరిగొచ్చాను. అప్పటికి ఈ మూడూ వేర్వేరు జిల్లాలు కాలేదు, వరంగల్ జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రం కూడా ఒక్కటే. అది ఒక్కటిగా ఉండకూడదని ప్రతి రోడ్డు మీదా ఎవరో ఒకరు కూర్చుని ఉండే రోజులు అవి.

వాతావరణం మారి ఎండలు ముదురుతున్న దేశాలకు, ఆ ఎండల్లో జనం ప్రాణాలు కాపాడుకోవడంలో సాయం చేసే విదేశీ సంస్థ ఒకటి ఉంది. దాని తరఫున డాక్టర్ ఇద్రీస్ వచ్చారు. సూడాన్ ఆయనది. వడగాడ్పులు ఇకమీద ఎక్కువవుతాయని, అవి వచ్చే ముందే ఊరూరికీ తెలిసే ఏర్పాటు ఉండాలని ఆయన వాదన. ఆయన ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో చెప్పడం నా పని. నేను హైదరాబాదులో అనువాదాలు చేసుకు బతికేదాన్ని.

కారు నడిపేది సమ్మయ్య, ములుగు దగ్గరి మనిషి. హైదరాబాదు దాటగానే అద్దంలోంచి నన్ను చూశాడు.

"మేడం, మీదే ఊరు?"

"గుడివాడ."

చూపు రోడ్డు మీదికి తిప్పాడు. "అయితే మీరు జర తక్కువ మాట్లాడుండ్రి మేడం. రోడ్ల మీద మనోళ్లు కూసున్నరు."

మాట్లాడడమే ఉద్యోగమైన మనిషికి దొరికిన సలహా ఇది.

జనగామలో చాయ్

బస్టాండు దగ్గర హోటల్లో ఆగాం. విదేశం నుంచి డాక్టరు వస్తున్నాడని ముందే తెలిసి కొందరు చూడడానికి వచ్చారు. వచ్చినవాళ్లు ఆయన్ని దాటి కారులోకి తొంగిచూశారు, తెల్లాయన ఇంకా దిగలేదేమోనని. ఆయనకు ఇది అలవాటే అనుకుంటాను, చాయ్ తాగుతూ వాళ్లు చూడడం పూర్తయ్యేదాకా ఆగారు. హోటలాయన "సబర్ సాబ్, సబర్" అంటూ రెండో చాయ్ తెచ్చాడు. ఆ మాట తమ అరబ్బీలోదేనని డాక్టరుగారు సంబరపడ్డారు. ఓపిక పట్టమన్న ఆ మాట ఒక్కటే ఆయనకు నా అనువాదం లేకుండా అర్థమైంది. నాకు కొంచెం కష్టంగా అనిపించింది.

మధ్యాహ్నం భోజనంలో పచ్చిపులుసు పోశారు. మా వైపు చారంటే పొయ్యి మీద మరగాలి, తిరగమోత ఇంటి బయటికి వినబడాలి. వీళ్లు చింతపండు పిసికి, ఉల్లిపాయలు వేసి, అసలు పొయ్యి జోలికే పోకుండా పోసేస్తారు. చిన్నప్పుడు ఎవరైనా ఇది చారని చెబితే నవ్వేదాన్ని. ఆ ఎండలో మూడుసార్లు పోయించుకున్నాను.

దేవరుప్పుల దాటాక

దేవరుప్పుల దాటాక మేం ఆగిన ఊరి పేరు రాయడం లేదు. రాజవ్వకు ఇష్టం లేదు.

కిందటి ఎండాకాలం ఆ ఊళ్లో చేన్లలో పనిచేసేవాళ్లు కొందరు వడదెబ్బకు పడిపోయారు. అందరూ లేవలేదు. లేచినవాళ్లలో రాజవ్వ ఒకతె. మేకలు కాస్తుంది. ఆమె కొడుకు ఎల్లయ్య పంచాయతీ చాటింపు వేసే మనిషి, డప్పు కొడతాడు. మేం వెళ్లేసరికి ఇంటి ముందు నిలబడి దూరంగా చేన్లవైపు చూస్తున్నాడు.

"పోయినేడు దవాఖాన్ల సెప్పిండ్రు సార్, ఇంకోపాలి ఎండ తగిలితే మనిషి దక్కదని. ఇనదు. పొద్దుగాల మేకలు తోలుకపోతే పొద్దుమీకి వస్తది. నేను మొత్తుకుంటే 'ఎండ నాకు కొత్తనా' అంటది."

డాక్టరుగారు ఇది రాసుకోలేదు. చేన్లవైపు ఆయన కూడా చూశారు.

సాయంత్రం సర్పంచి ఇంటి అరుగు మీద మీటింగు. వడగాడ్పు వచ్చే రోజున పదకొండు నుంచి నాలుగు దాకా జనం బయటికి రాకుండా ఎలా చెప్పాలన్నది ప్రశ్న. ఫోన్లకు సందేశాలు పంపుదామంటే చార్జింగుకు కరెంటు ఉండదు. మైకు పెడదామంటే దానికీ కరెంటే కావాలి. తమ దేశంలో నగారా మోగించేవాళ్లని డాక్టరుగారు అన్నారు. అందరూ ఒకేసారి ఎల్లయ్యను చూశారు. ఇంత చక్కని ఆలోచన ఇంత తేలిగ్గా కుదిరినందుకు అందరం సంతోషించాం. అక్కడున్న ఒక్కరికీ అనుమానం రాలేదు. రోజూ ఆ డప్పు వింటున్నవాళ్లకే రానప్పుడు, ఆ రోజే దిగిన మాకెలా వస్తుంది?

మర్నాడు ఎండ తెల్లవారుతూనే కసిగా వచ్చింది. ఎల్లయ్య గడ్డిమంట వేసి, ఉన్న వేడి చాలదన్నట్టు డప్పును కాచాడు. పదకొండవుతుండగా బయల్దేరాడు. "నాలుగు దాంక ఎవ్వలు బయటికి రావద్దహో!" అని గొంతు చించుకున్నాడు. కానీ డప్పు వినబడినంత దూరం మాట వినబడదు. ఆ ఏడాదంతా ఆ వేళకు ఆ ఊళ్లో డప్పు మోగిందంటే ఒకటే పని, రోడ్డు మీదికి రమ్మని.

తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు బియ్యం మూటలతో, మగవాళ్లు కట్టెలతో, ఒకాయన నెత్తిన పెళ్లిళ్లకు వాడే గుండిగతో వచ్చారు. అది రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు అనే నిరసన. చేన్లలోంచి, చెరువు పనిలోంచి, ఇంకా వడదెబ్బ తగలని ప్రతి మనిషీ తలకు తువ్వాలు చుట్టుకుని ఎండలోకి వచ్చేశాడు. మా కార్యక్రమానికి అంతమంది ఎప్పుడూ రాలేదు.

సర్పంచి చేతులు జోడించి అసలు సంగతి చెప్పాడు. విన్నారు. ఒక పెద్దమనిషి అందరి తరఫునా అన్నాడు, "వచ్చినం గదా. గింత దూరం వచ్చి ఉత్తగ పోతమా?"

రోడ్డుకడ్డంగా రాళ్లు పెట్టి మూడు పొయ్యిలు చేశారు. అటు లారీలు, ఇటు లారీలు ఆగిపోయాయి. వాటి మధ్య పెళ్లికి ఐసు దిమ్మలు తీసుకెళ్తున్న ట్రాలీ ఆటో ఒకటి. దాని డ్రైవరు కనబడినవాళ్లందరి గడ్డాలు పట్టుకుంటున్నాడు. "అన్నా, నేను సుత తెలంగాణోన్నే, ఐసు కరుగుతాంది అన్నా!" జై కొడితే పంపుతామన్నారు. కొట్టాడు. బాగా కొట్టావని మెచ్చుకుని అక్కడే ఉంచుకున్నారు.

అప్పుడు చేనుగట్టు మీద రాజవ్వ కనబడింది. మేకల్ని వదిలి, కర్ర పట్టుకుని, ఆ ఎండలో నడిచి వస్తోంది. ఇంట్లో ఉండమంటే ఉండని మనిషి రాస్తారోకో ఒక్కటీ మానలేదట. ఎల్లయ్య డప్పు ఆపి పరుగెత్తాడు. ఆమె రోడ్డు మీదికి ఎక్కింది, ఏదో అనబోయింది, కొడుకు చేతుల్లోకి ఒరిగిపోయింది.

డాక్టరుగారు చెయ్యి వేసి చూశారు. ఒళ్లు పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. పిలిస్తే పలకడం లేదు. జనం మీద పడ్డారు. సమ్మయ్య సలహా నాకు గుర్తుంది, కానీ నోరు ఆగలేదు. "పక్కకి జరగండి! గాలి ఆడనివ్వండి! ఏమిటండీ ఆ తోసుకోవడం!" అని గుడివాడ సంతలో అరిచినట్టు అరిచాను. అందరూ రాజవ్వను వదిలి నన్ను చూశారు. సమ్మయ్య కళ్లు మూసుకున్నాడు. తర్వాత అందరూ పక్కకి జరిగారు.

"నీళ్లు కావాలి, మనిషి మునిగేన్ని," అన్నారు డాక్టరుగారు. మునిగేన్ని నీళ్లు అప్పటికే ఎసటికని గుండిగలో పోసి ఉన్నాయి, ఇంకా పొయ్యి ఎక్కలేదు. రాజవ్వను ఎత్తి మెడదాకా అందులో కూర్చోబెట్టారు. ఐసు ఆటో డ్రైవరు ఎవరూ అడగకముందే దిమ్మల్ని రోడ్డుకేసి కొట్టి, ముక్కలు తెచ్చి పోశాడు. ఆడవాళ్లు కొంగులతో విసిరారు. రాష్ట్ర రహదారి నడిమధ్యన, ముందు లారీలు వెనక లారీలు ఉండగా, పెళ్లి గుండిగలో ఒక ముసలామె. చుట్టూ పెద్ద గరిటెలు పట్టుకున్న మనుషులు. ఎల్లయ్య ఆమె తల పట్టుకుని "అవ్వా, అవ్వా" అంటూనే ఉన్నాడు. చాలాసేపటికి రాజవ్వ కళ్లు తెరిచింది. గరిటెలు చూసింది, గుండిగ చూసింది.

"బియ్యం ఏసిండ్రా?" అంది.

నవ్వినవాళ్లూ ఏడ్చినవాళ్లూ వేరువేరుగా లేరు. మళ్లీ ఆమె కళ్లు మూతపడ్డాయి. అంబులెన్సు ఎక్కడో దూరంలో ఉందన్నారు. మా కారులోనే పడుకోబెట్టాం. పొయ్యి రాళ్లు తన్నేసి, లారీలు వెనక్కి తోయించి, ఊరంతా కలిసి దారి చేశారు. జనగామ దవాఖానాలో చేర్చుకున్నారు. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తేలడానికి ఆగాలన్నారు. వరండాలో ఎల్లయ్య ఇంకా మెడలో డప్పుతోనే ఉన్నాడు. తీసి పక్కన పెట్టాలని ఎవరికీ తోచలేదు.

అక్కడే ఊరి కుర్రాళ్లలో ఒకతను అడిగాడు, "మేడం, మీదే ఊరు?" నేను డాక్టరుగారు ఏదో పిలిచినట్టు అటు వెళ్లిపోయాను.

మానుకోట ఘాటు

మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అంటారు. మార్కెట్లో ఎర్రమిరప రాశులు. మావైపూ మిరప పండుతుంది కనుక నేను నిబ్బరంగా నడిచాను. రెండో రాశి దగ్గరే డాక్టరుగారికి తుమ్ములు పట్టుకున్నాయి, వడదెబ్బ గురించి అక్కడ చెప్పాల్సిన నాలుగు ముక్కలూ తుమ్ముల మధ్యే చెప్పారు. నేను తుమ్ములు మినహాయించి అనువదించాను.

ఆ సాయంత్రం ఒక లంబాడీ తండాకు వెళ్లాం. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునే భాష వేరు. డాక్టరుగారు ఇంగ్లీషులో అన్నది నేను తెలుగులో చెబితే, ఒక పిల్లల టీచరమ్మ దాన్ని పెద్దవాళ్లకు వాళ్ల భాషలో చెప్పింది. "దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి" అన్న మాట మూడు నోళ్లు మారి వెళ్లింది. ఒక నడివయసు ఆడమనిషి బిందె వంక చూసి ఏదో అంది. అది మళ్లీ మూడు నోళ్లు మారి వచ్చింది. "నీళ్లేవి?"

డాక్టరుగారు ఈసారి రాసుకున్నారు. మగవాళ్లలో చాలామంది పనికి హైదరాబాదు పోయారట. నీళ్లు మోసేదీ ఆడవాళ్లే, కూలికి పోయేదీ ఆడవాళ్లే. మాకు మాత్రం కూర్చోగానే చెంబుతో నీళ్లిచ్చారు. ఆ మాట విన్నాక తాగడం కష్టమైంది. తాగకపోతే తప్పు పడతారని తాగాం.

రాత్రి జనగామకు ఫోను చేశాను. ఎల్లయ్య ఎత్తాడు. "కండ్లు తెరుస్తాంది, మూస్తాంది. ఏమంటలేరు మేడం." అంతే.

గంగారం అడవిలో

గూడూరు, కొత్తగూడ మీదుగా గంగారం. కొత్తగూడ దాటాక ఫోనుకు సిగ్నలు పోయింది. మామూలుగా నాకు అది సుఖం. ఈసారి ప్రతి మిట్ట మీదా కారు ఆపించి చెయ్యెత్తి ఫోను పట్టుకున్నాను. డాక్టరుగారూ దిగి తన ఫోను ఎత్తి పట్టుకున్నారు. అడవిలోంచి బీడీలకు కోసిన తునికాకు కట్టలతో వస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి ఇది ఏదో మొక్కు అనుకున్నారు.

వాళ్లు చీకటుండగానే అడవికి వెళ్లి, ఎండ ముదరకముందే ఆకుతో తిరిగొస్తారు. వాళ్లకు మేం చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది. ఒకామె మమ్మల్ని పందిరి కింద కూర్చోబెట్టి జొన్న అంబలి పోసింది. రాత్రి నానబెట్టి పులియనిచ్చినది, పైన పచ్చి ఉల్లిపాయ ముక్క. డాక్టరుగారు ఒక గుక్క తాగి ఆగిపోయారు. నచ్చలేదేమోనని నేను క్షమాపణ సిద్ధం చేసుకున్నాను.

"మా అమ్మ చేసేది ఇదే," అన్నారు. వాళ్లకూ జొన్నే తిండట, ఎండకు ఇలాంటి పుల్లటిదే తాగుతారట. "ఆమె కూడా ఎవరి మాటా వినేది కాదు."

తర్వాత ఏమైందని నేను అడగలేదు. ఆయన ఇంకో చెంబు పోయించుకున్నారు.

భూపాలపల్లి

ములుగు దాటి భూపాలపల్లి. బొగ్గు గనుల ఊరు. చెట్ల మీద, గోడల మీద, టీ గ్లాసు అంచున సన్నటి నలుపు. చాయ్ మాత్రం బాగుంది, ఐదు రూపాయలు. హోటల్లో మా పక్కన కూర్చున్న రిటైరైన కార్మికుడు డాక్టరుగారి ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా తలూపి చివర్లో ఒకటే అన్నాడు. "బాయిల దిగినోనికి ఎండంటే పండుగ సార్. నౌకరి చేసినన్ని దినాలు పొద్దు సూడలే. సమ్మె చేసినంక సూసిన." గనిని వాళ్లు బాయి అంటారు. ఎండ ఎలా ఉందని అడిగితే, సమ్మె ఎన్నాళ్లు నడిస్తే అంత బాగుంటుందన్నాడు.

అక్కడ సిగ్నలు వచ్చింది. ఎల్లయ్యకు ఫోను చేశాను.

"బతికింది మేడం! నిన్న ఇంటికి దెచ్చినం."

హోటల్లో అందరికీ వినబడేలా డాక్టరుగారికి చెప్పాను. ఆయన రెండు చేతులతో ముఖం తుడుచుకున్నారు. నాకు కళ్లు తడయ్యాయి, బొగ్గు దుమ్ము అన్నాను. ఫోనులో ఎల్లయ్య ఇంకా ఉన్నాడు.

"గాని ఇయ్యాల పొద్దుగాల మల్ల మేకలు తోలుకపోయింది."

డాక్టరుగారికి అది కూడా చెప్పాను. ఆయన గ్లాసు పక్కన పెట్టారు. ప్రతిసారీ గుండిగ దొరకదన్నారు. ఐసు అసలే దొరకదన్నారు. ఆ తర్వాత, ఆమె ఎవరి మాటైనా వింటుందేమో అడగమన్నారు. అడిగాను.

"ఎవ్వలి మాట ఇంటది మేడం? నా మాట ఇనదు, దవాఖానోల్ల మాట ఇనదు. డప్పు మోగితే ఉరుకుతది, అంతే," అన్నాడు ఎల్లయ్య. అని, అవతల మాట్లాడడం ఆపేశాడు. లైను కట్టయిందనుకుని నేను "హలో, హలో" అన్నాను. "ఉన్న మేడం. ఉన్న. మీరు మల్ల గిటు వస్తరా?" అన్నాడు.

మళ్లీ అదే ఊరు

తిరుగు ప్రయాణంలో ఆ ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద పురుగు లేదు. రాళ్లు లేవు, పొయ్యి లేదు, లారీ లేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఊరు అలా ఉండడానికి నాకు తోచిన కారణం ఒకటే, రాజవ్వ. సమ్మయ్యకూ అదే తోచినట్టుంది, హారను కొట్టకుండా నెమ్మదిగా నడిపాడు. డాక్టరుగారు కిటికీ అద్దం దించి డప్పు కోసం చెవి పెట్టారు. అదీ లేదు.

ఊరి చివర, కానుగ చెట్ల కింద షామియానా కనబడింది. తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షా శిబిరం అని గుడ్డ కట్టి ఉంది. చుట్టూ తడిపిన గోనె పట్టాలు, పక్కన మూతపెట్టిన పెళ్లి గుండిగ. లోపల ఊరు ఊరంతా కిక్కిరిసి కూర్చుని ఉంది. ముందు వరసలో, మెడలో బంతిపూల దండతో, రాజవ్వ. షామియానా వెనక నీడలో మేకలు.

ఎల్లయ్య బయటికి వచ్చి నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "పదకొండుకు డప్పు గొడుతున్న మేడం. రోడ్డు మీదికి గాదు, గీడికి. నాలుగు దాంక దీక్ష. అవ్వా, నీ పేరు రాసిండ్రు, నువ్వు లేస్తే తెలంగాణ ఆగుతది అన్నం. చెట్టోలె కూసున్నది. జర అవ్వకు సెప్పకుండ్రి."

రిలే అంటే రోజుకొకరు మారాలి. రాజవ్వ మారడం లేదు, మారమనే ధైర్యం ఎవరికీ లేదు. దీక్షలో అంబలి తాగవచ్చా అని మొదటిరోజు చాలా వాదన జరిగిందట. నమిలేది తిండి, తాగేది నీళ్లు అని పెద్దలు తేల్చారు. ఉల్లిపాయ ముక్క మీద ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. డాక్టరుగారు గుండిగ మూత తీసి చూశారు, అంబలే. నేను చెప్పినదంతా విని, తన సంస్థకు ఇది ఏ పేరుతో రాయాలని అడిగారు. ఆయన చెప్పులు విప్పి లోపలికి వెళ్లి కూర్చున్నారు. ఎవరో ఆయన మెడలో దండ వేశారు.

నేను షామియానా అంచున నిలబడ్డాను. ఆ గుడ్డ మీద ఏం రాసుందో, గుడివాడలో మా అన్నయ్య దాన్ని చూస్తే ఏమంటాడో నాకు తెలుసు. రాజవ్వ నన్ను చూసి చెయ్యి ఊపింది. పక్కామెను జరిపి చోటు చేసింది. వెళ్లి ఆ చోట, నీడ అంచున కూర్చున్నాను.

"ఆనాడు లొల్లి వెట్టినామెవు నువ్వే గదా," అంది. "దవాఖానకు పోయినంక సెప్పిండ్రు. ఏ ఊరు బిడ్డా నీది?"

ముందు వరసంతా తిరిగింది. పిలిచినట్టు నటించడానికి డాక్టరుగారు దండతో దూరంగా ఉన్నారు.

"గుడివాడ అవ్వా. కృష్ణా జిల్లా."

సమ్మయ్య కారు తాళాలు చేతిలోకి తీసుకోవడం చూశాను. రాజవ్వ ముందుకు వంగి నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి చల్లగా ఉంది, బతికున్న మనిషి చల్లదనం.

"అయితేంది? మీ దిక్కు ఎండ లేదా?" అంది. "జర లోపటికి జరుగు బిడ్డా, నీ కాళ్లు ఎండల వడ్డయి."

చూసుకుంటే నిజమే. కాళ్లు లోపలికి లాక్కుని, నాలుగు దాకా అక్కడే కూర్చున్నాను.